పచ్చ దారం పుస్తకం

గాజుల వీధి, రేపల్లె
14 జూన్ 2007

ఆసియా అక్కకి,

సలాం. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మ మోకాళ్ళు తప్ప. ఉత్తరం టైపులో ఉందని బావగారు మళ్ళీ "మీ తమ్ముడు నోటీసు పంపాడు" అంటారు. అననీ. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి, పెన్ను పట్టుకుంటే నా రాత నాకే అర్థం కావడం లేదు. పైగా అధికమాసమని పెళ్ళి కార్డులు లేవు. జిరాక్సు మిషను నిద్రపోతోంది. అందుకని తీరిగ్గా రాస్తున్నా.

అసలు సంగతి ఏంటంటే, మా షాపు పక్కన లైబ్రరీ ఎత్తేస్తారట. మెయిన్ రోడ్డులో ఉన్నదాంట్లో కలిపేస్తారట. సుబ్బారావు గారు ఆ కాయితం జిరాక్సుకి తెస్తే చూశాను. లైబ్రేరియన్ అయ్యుండి ఆ కాయితం ఆయనే మోసుకొచ్చాడు. కారణం ఏం రాశారో తెలుసా? మొత్తం సభ్యులు పదకొండు మంది అట. వీధిలో నాలుగొందల గడప ఉంటే పదకొండు మంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను అక్షరాలు కూడబలుక్కున్నది అక్కడే కదా, పేపర్లో సినిమా పేజీ చూస్తూ. ఇప్పుడు కూడా ఉద్యోగాల ప్రకటన అక్కడ చదివి, పక్కకి తిరిగి నా దగ్గర సర్టిఫికెట్లు జిరాక్సు తీయించుకునేవాళ్ళే నాకు సగం గిరాకీ. నా స్వార్థం కూడా ఉందనుకో, దాచడం ఎందుకు.

విచిత్రం చెప్పనా. అమ్మకి ఈ మాట చెప్పగానే తింటున్న కంచం పక్కన పెట్టేసింది. రెండు రోజులు గాజుల మలారం మూట భుజాన వేసుకుని అమ్మకానికి పోలేదు. చదవడం రాని మనిషికి లైబ్రరీ పోతే ఏంటి? అడిగితే "నీకు చెప్పినా తెలియదులే" అంది.

నేను ఊరుకోను. అర్జీ పెడతాను. బావగారు బాపట్లలో పనిచేసే ఆఫీసులో పెద్దసారుకి ఈ లైబ్రరీల పై ఆఫీసరు తెలుసని నువ్వే ఒకసారి అన్నావు. ఒక్క మాట చెప్పించు.

పిల్లలకి దీవెనలు. నీ మరదలు సుమయా నిన్ను అడిగానని రాయమంది.

నీ తమ్ముడు,
షఫీక్


బాపట్ల
21 జూన్ 2007

షఫీకూ,

నీ ఉత్తరం అందింది. నేను చేత్తోనే రాస్తున్నా, మిషను మీద కుట్టడమే తప్ప టైపు కొట్టడం నాకు రాదు. పక్కింటివాళ్ళ జాకెట్లు నాలుగు మధ్యలో ఆపి రాస్తున్నాను, కాబట్టి పొట్టిగానే ఉంటుంది.

అర్జీ పెట్టు. సంతకాలు పెట్టించు. మగవాళ్ళ చేత పెట్టించు. లోపలి రిజిస్టర్ల జోలికి మాత్రం వెళ్ళకు. సుబ్బారావు గారిని ఏమీ గుచ్చి అడగకు. ఆయన మంచివాడు.

బావగారిని ఇందులోకి లాగొద్దు. వద్దంటే వద్దు.

అమ్మని మలారం వేసుకుని బయటికి వెళ్ళమను. ఇంట్లో కూర్చుంటే మోకాళ్ళు ఇంకా బిగుసుకుపోతాయి.

అక్క


గాజుల వీధి, రేపల్లె
2 జులై 2007

అక్కా,

నాలుగు జాకెట్ల మధ్య నాలుగు ముక్కలు రాశావు. పోనీలే, రాశావు.

సంతకాలు మూడొందల పన్నెండు అయ్యాయి. ఎలా అయ్యాయో నాకే సిగ్గుగా ఉంది. కిళ్ళీ కొట్టు బసవేశ్వరరావు అన్న సంతకం పెట్టేసి, పెన్ను తిరిగి ఇస్తూ "ఇంతకీ ఈ లైబ్రరీ ఎక్కడుంది షఫీకూ" అన్నాడు. ఆయన కొట్టుకి ఎదురుగానే ఉంది. ఇరవై ఏళ్ళుగా దానివైపే ఉమ్ముతున్నాడు. "అదా, కరెంటు ఆఫీసు అనుకున్నాను" అన్నాడు. ఇలాంటి మూడొందల పన్నెండు మందిని వెంటేసుకుని పోరాడుతున్నా.

ఆడవాళ్ళు ఒక్కళ్ళు కూడా పెట్టలేదు. అంకమ్మ గారింటికి వెళ్తే తలుపు సందులోంచే "మా ఇంట్లో ఎవరూ చదవరు బాబూ" అంది. ఆవిడ వెనక మంచం మీద లైబ్రరీ అట్ట వేసిన నవల బోర్లా పెట్టి ఉంది, నేను చూశాను. చూశానని ఆవిడా చూసింది. చర్చి వెనక సందులో కరుణ టీచర్ గారింట్లో కూడా అంతే. ఆవిడ అత్తగారు లోపలి గదిలోంచే "మా పేర్లు రాయొద్దు నాయనా" అని కేకేసింది. ఎందుకింత భయం? నేనేమన్నా అప్పు పత్రం మీద పెట్టమన్నానా?

ఇంటికొచ్చి అమ్మతో అంటే నామీద అంతెత్తున లేచింది. "ఆడవాళ్ళ గడపలు తొక్కడం నా పని, నీది కాదు" అంది.

బావగారి సంగతి. వద్దంటే వద్దు అని రాశావే, కారణం కూడా రాసి ఉంటే బాగుండేది. నాకు అర్థమైంది అనుకో. ఆయన ఉద్యోగానికి మాట వస్తుందని. సరే, ఎవరి ఉద్యోగం వాళ్ళది. పుట్టిన వీధి గురించి ఒక్క మాట చెప్పడానికి కూడా భయమైతే నేనేం చేస్తాను.

షఫీక్


బాపట్ల
9 జులై 2007

షఫీక్‌కి,

బావగారికి భయమని రాశావు. నీ ఉత్తరం ఆయనకి చూపించలేదు, చూపిస్తే బాధపడతారు. నీకు నోరు ముందు, ఆలోచన తర్వాత. చిన్నప్పటి నుంచీ అంతే.

నేనూ ఒకటి అడుగుతాను. మొన్న తెనాలి వెళ్తుంటే రైల్లో మన వీధి సుశీల కలిసింది. లైబ్రరీ గది శేషగిరిరావు గారిది కదా, అది ఖాళీ అయితే ముందు నాకే చెప్పండి అని నువ్వు ఆయన్ని అడిగావట. నిజమేనా? ఒక పక్క అర్జీ, ఇంకో పక్క గది. నేను నమ్మలేదు. కానీ నిద్ర పట్టలేదు.

మళ్ళీ చెప్తున్నా. రిజిస్టర్లు ముట్టుకోవద్దు.

ఆసియా


గాజుల వీధి, రేపల్లె
26 జులై 2007

అక్కా,

నీ మీద కోపంతో పది రోజులు రాయలేదు. ఇప్పుడు కోపం లేదు, వేరే పెద్దది వచ్చి పడింది.

ముందు గది సంగతి. అడిగాను, నిజమే. పోయిన ఏడాది, రెండో మిషను కొందామనుకున్నప్పుడు, టీ తాగుతూ అన్న మాట. అప్పటికి లైబ్రరీ ఎత్తేస్తారని ఎవరికి తెలుసు? సుశీల ఆ మాటని ఏడాది పాటు దాచి రైలెక్కించింది.

ఇప్పుడు అసలుది. నువ్వు వద్దన్న పనే చేశాను.

మూడొందల సంతకాలు చూసి నవ్వుతారని నాకే అనిపించింది. పుస్తకాలు నిజంగా బయటికి వెళ్తున్నాయని లెక్క చూపిస్తే నోరు మూస్తారనుకున్నా. సుబ్బారావు గారు భోజనానికి వెళ్ళినప్పుడు, అరగంటలో ఇచ్చేస్తానని అటెండరుకి చెప్పి, ఇచ్చిన పుస్తకాలు రాసే రిజిస్టర్లు తెచ్చాను. తొమ్మిదేళ్ళవి. గబగబా జిరాక్సు తీసేశాను. వాటిల్లో తేదీ, పుస్తకం నంబరు, కార్డు నంబరు, చివర తీసుకున్నవాళ్ళ సంతకం. ఆ చివరి గడిలో నల్లగా మరకలు పడుతున్నాయి. ప్రతి పేజీలో. డ్రమ్ము పాడైందనుకుని, మిషను విప్పి, తుడిచి, మళ్ళీ తీశాను. మళ్ళీ అవే మరకలు. చేసేది లేక అలాగే కుట్టేశాను. అక్కా, పదిహేనేళ్ళుగా జిరాక్సు తీస్తున్నాను. వేలిముద్రకి, డ్రమ్ము మరకకి తేడా తెలియలేదు నాకు.

గురువారం పేపరు కట్టలు కొనడానికి తెనాలి వెళ్తాను కదా, లైబ్రరీల ఆఫీసరు గారు ఆ రోజు తెనాలి వచ్చారని తెలిసి ఫైలు ఇచ్చాను. "తొమ్మిదేళ్ళలో రెండు వేల నూట నలభై పుస్తకాలు సార్" అన్నాను గర్వంగా. ఆయన పేజీలు తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. "అన్నీ ఏడో నంబరు కార్డు మీదే ఉన్నాయేంటయ్యా" అన్నాడు. "అన్నీ వేలిముద్రలే. వేలిముద్ర వేసే మనిషి రెండు వేల పుస్తకాలు చదివిందా?"

వారం తిరక్కుండా సుబ్బారావు గారికి మెమో వచ్చింది. దొంగ లెక్కలు రాశాడని. ఏడాదిలో రిటైరయ్యే మనిషి. మెమో నా షాపుకే తెచ్చి, "రెండు కాపీలు తియ్యి బాబూ" అన్నాడు. అంతే అన్నాడు. ఇంకేమన్నా అని ఉంటే బాగుండేది.

ఏడో నంబరు కార్డు ఎవరిదో ఆ మెమోలో ఉంది. షేక్ జానీ బీ. మన అమ్మ.

సుబ్బారావు గారు మన అమ్మ చేత ఊరికే వేలిముద్రలు వేయించుకున్నాడా? ఆ మనిషిని అలా అనుకోవడానికి మనసు రావడం లేదు. అమ్మని అడిగితే "నీ నోరూ ఆగదు, నీ మిషనూ ఆగదు" అని గోడవైపు తిరిగి పడుకుంది. నీకు ఏమన్నా తెలుసా? తెలిస్తే ఈసారి జాకెట్లు పక్కన పెట్టి రాయి.

షఫీక్


బాపట్ల
30 జులై 2007

ఒరేయ్ షఫీకూ,

నీ ఉత్తరం చదివి జాకెట్లు పక్కన పెట్టేశాను. ఇంక దాచి లాభం లేదు.

ఆ పుస్తకాలు అమ్మ తీసుకున్నవే. చదివింది అమ్మ కాదు. మన వీధీ, చర్చి వెనక సందూ, కాలవ అవతల ఇళ్ళూ. నలభై ఇళ్ళ ఆడవాళ్ళు.

ఇది మొదలుపెట్టింది నేనే. నా పెళ్ళికి ఏడాది ముందు. లైబ్రరీ ముందు అరుగు మీద పొద్దస్తమానం మగవాళ్ళు పేపర్లు పట్టుకుని కూర్చుంటారు కదా, వాళ్ళని దాటి లోపలికి వెళ్ళాలంటే నాకు కాళ్ళు ఆడేవి కావు. అమ్మ "నేను తెస్తానులే, నన్నెవరు చూస్తారు" అని కార్డు తన పేరు మీద తీయించుకుంది. నాకు తెచ్చింది చూసి అంకమ్మ గారు అడిగింది. ఆవిడ్ని చూసి ఇంకొకళ్ళు. గాజుల మలారం కింద గుడ్డ సంచిలో పుస్తకాలు. గాజులు వేయించుకుంటున్నామని ఇంట్లో పెద్దవాళ్ళు అనుకుంటారు.

కార్డు మీద రెండే ఇవ్వాలని రూలు. సుబ్బారావు గారు అమ్మ మోయగలిగినన్ని ఇచ్చేవారు. ఇచ్చినదల్లా రాసేవారు. ఒక్కటి కూడా దొంగ లెక్క కాదు. ఆయన చేసిన తప్పు నిజం రాయడమే.

ఇంకోటి విను. ఫ్యాన్సీ షాపులు వచ్చాక మలారం గాజులు ఎవరు కొంటున్నారు? అయినా అమ్మకి నలభై గడపలు తెరుచుకుంటున్నాయంటే అవి పుస్తకాల కోసం. పుస్తకం ఇచ్చాక మొహమాటానికి ఓ డజను గాజులు. లైబ్రరీ పోతే అమ్మకి వెళ్ళడానికి ఇల్లంటూ ఉండదు. అందుకే కంచం పక్కన పెట్టింది.

ఎవరి పేరూ ఎప్పుడూ బయటపెట్టనని అమ్మ ఒట్టు వేసింది. నా చేతా వేయించింది. అందుకే నీకు చెప్పలేదు. బావగారు నోరు తెరిస్తే ఆఫీసువాళ్ళు రిజిస్టర్లు తెరుస్తారని భయపడ్డాను. ఆ పని నువ్వే చేశావు, పైగా మిషను తుడిచి, రెండుసార్లు తీసి మరీ.

సుబ్బారావు గారి మెమో పోవాలి. ఎలాగో అమ్మనే అడుగు. గోడవైపు తిరిగి పడుకున్నా సరే, అడుగు.

అక్క


గాజుల వీధి, రేపల్లె
20 ఆగస్టు 2007

అక్కా,

విచారణ అయింది. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. గోడవైపు నుంచి ఇటు తిరిగి లేచి కూర్చుంది. తర్వాత "ఆ ఆఫీసరుని రమ్మను, నేను మాట్లాడతాను. పేర్లు చెప్పను" అంది. పేర్లు చెప్పకుండా ఏం మాట్లాడుతుందో నాకు అర్థం కాలేదు.

శుక్రవారం ఆఫీసరు గారు లైబ్రరీకి వచ్చారు. సుబ్బారావు గారు తన కుర్చీ ఆయనకిచ్చి గోడ పక్కన నిలబడ్డారు, స్కూల్లో తప్పు చేసినట్టు. అమ్మ మలారంతోనే వచ్చింది. ఆయన అడిగాడు, "ఏమ్మా, చదవడం వచ్చా?"

"రాదండి."

"మరి రెండు వేల పుస్తకాలు ఏం చేశావు?"

అమ్మ బీరువా దగ్గరికి వెళ్ళి ఒక నవల తీసింది. కుట్టులో చిన్న ఎర్ర దారం ముడి చూపించింది. ఇంకో దాంట్లో పసుపుది, నీలంది. ఒక్కో దాంట్లో ఆరేడు రంగులు. నీకు గుర్తుండే ఉంటుంది, ఎవరింటి గాజుల కొలత వాళ్ళదని అమ్మ ఒక్కో ఇంటి కట్టకి ఒక్కో రంగు దారం కడుతుంది కదా. పుస్తకాలకీ అదే కట్టిందట, ఏ పుస్తకం ఏ ఇంటికి వెళ్ళిందో మళ్ళీ అదే ఇవ్వకుండా. నేను ఆ నవలల్లో బోలెడన్ని పేజీలు ఎవరెవరికో జిరాక్సు తీసిచ్చాను. దారాలు చూసి, కుట్టు ఊడిందేమో అనుకున్నాను.

"ఎర్ర దారం ఎవరు?" అన్నాడాయన.

"ఎర్ర దారం చదువుతుందండి. అంతే చెప్తాను."

ఆయనకి నమ్మకం కుదరలేదు. ఒక పుస్తకం ఊరికే లాగి "ఇందులో ఏముందో చెప్పు" అన్నాడు. అమ్మ అట్ట మీద బొమ్మ చూసింది. "ఇందులో పిల్ల స్టేషను దాకా వెళ్ళి, రైలెక్కకుండా మొగుడి దగ్గరికి తిరిగొచ్చేస్తదండి. ఎర్ర దారం తప్పంది. పసుపు దారం మంచి పని చేసిందంది. ఆ ఇద్దరూ నెల్లాళ్ళు మాట్లాడుకోలేదు, నేనే మధ్యలో కబుర్లు మోశాను." గాజులు ఎక్కించేటప్పుడు ప్రతివాళ్ళ చేతా కథ చెప్పించుకునేదట. చెయ్యి అమ్మ చేతిలో ఉంటుంది, ఎక్కడికి పోతారు, చెప్పాల్సిందే.

ఆఫీసరు చివరి పేజీలు తిప్పి చూసి, నవ్వు ఆపుకుంటూ "కథ నిజమే. కానీ ఒక్క మనిషన్నా వచ్చి చదివానని చెప్పాలి కదమ్మా, ఆయన ఉద్యోగం విషయం ఇది" అన్నాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది. నేను నోరు తెరవబోయాను, నావైపు ఒక్క చూపు చూసింది. మూసేశాను.

అప్పుడు అరుగు మీద పేపరు చదివేవాళ్ళు కాళ్ళు ముడుచుకుంటున్న చప్పుడైంది. అంకమ్మ గారు, బయట కిటికీ పక్కన వింటూ నిలబడిందేమో, వాళ్ళ మధ్యలోంచి నడుచుకుంటూ లోపలికొచ్చింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది, చెమట్లు పట్టేశాయి. "ఎర్ర దారం నాదేనండి" అంది. "ఆ పిల్ల చేసింది ఇప్పటికీ తప్పేనంటాను." ఆవిడ వెనకే కరుణ టీచర్ గారి అత్తగారు, "పసుపు నాది, తప్పు కాదు" అంటూ. తర్వాత ఇంకా వచ్చారు. పదిహేడు మందిని లెక్కపెట్టాను, ఆ తర్వాత లెక్క తప్పింది. సుబ్బారావు గారు కళ్ళజోడు తీసి తుడుస్తూనే ఉన్నారు.

మెమో కొట్టేస్తామన్నారు. అది ఒక్కటే మంచి వార్త.

లైబ్రరీ సంగతి అడిగితే ఆయన ఏమన్నాడో తెలుసా? "చదివేవాళ్ళు ఉన్నారని నేను చూశానయ్యా. కాయితం చూడలేదు కదా. కాయితంలో పదకొండు మందే." మరి ఇంతమందీ ఎవరండీ అన్నాను. "కార్డులు లేవు" అన్నాడు. ఇప్పుడు తీసుకుంటారన్నాను. "తీసుకోమను, మంచిదే. కానీ లెక్క పోయిన మార్చి నెల నాటిది, ఏడాదికోసారే తీస్తాం. నేను మార్చలేను" అని జీపెక్కేశాడు. మంచివాడే. తిట్టడానికి కూడా మనిషి దొరకలేదు నాకు.

బావగారిని భయస్థుడన్నాను. నా తరఫున నువ్వే ఏదో ఒకటి చెప్పు.

షఫీక్


బాపట్ల
27 ఆగస్టు 2007

షఫీకూ,

నీ ఉత్తరం బావగారికి చదివి వినిపించాను, రెండుసార్లు. "మీ తమ్ముడు ఈసారి నోటీసు పంపలేదు" అన్నారు. అదే క్షమించడం అనుకో.

లైబ్రరీ పోతుందంటే నాకు అన్నం సహించడం లేదు. నీకూ అమ్మకీ చెప్పనిది ఇంకొకటుంది. నా బీరువాలో చీరల అడుగున ఒక పుస్తకం ఉంది, పచ్చ దారం కట్టింది. పచ్చ నాది. పెళ్ళి హడావిడిలో సగంలో ఆపేసిన నవల, సామాన్లలో పెట్టుకుని వచ్చేశాను. ఎనిమిదేళ్ళయింది. ఇన్ని రూల్స్ గురించి నీకు పాఠాలు చెప్పినదాన్ని, దొంగ నేనే.

లైబ్రరీ మూసేలోపు తిరిగి ఇచ్చేస్తాను. బావగారు వచ్చే నెల తెనాలి వెళ్తారు, స్టేషన్లో నీకు అందిస్తారు. సుబ్బారావు గారికి నా బదులు నువ్వు తల వంచుకుని ఇవ్వు.

అక్క


గాజుల వీధి, రేపల్లె
11 అక్టోబర్ 2007

అక్కా,

ఉపవాసాలతో ఓపిక లేదు, అయినా ఇది రాయకుండా ఉండలేకపోయాను. బావగారు పోయిన నెల తెనాలి రాలేకపోయారని రాశావు చూడు, దానికి రోజూ దండం పెట్టుకుంటున్నా.

సెప్టెంబరులో ముప్ఫై ఎనిమిది మంది కార్డులు తీసుకున్నారు. అరుగు మీద మగవాళ్ళ మధ్యలోంచి నడిచి. బసవేశ్వరరావు అన్న "ఇంతమంది ఆడవాళ్ళు కరెంటు ఆఫీసుకి ఎందుకు వస్తున్నారు" అన్నాడు, వేళాకోళమో నిజమో తెలియలేదు. అయినా ఆర్డరు వచ్చేసింది. ముప్ఫయ్యో తారీకుతో మూసేయాలి. బోర్డు పీకేశారు. పేపర్లు ఆపేశారు. నేను మళ్ళీ అర్జీ కొట్టాను, జవాబు లేదు. ఇంకోటి కొట్టాను. నా అర్జీలు వాళ్ళు మడిచి విసనకర్రలు చేసుకుంటున్నారేమో.

అయితే ఆర్డరులో చివర ఒక ముక్క ఉంది. బయట ఉన్న పుస్తకాలన్నీ వసూలు చేసి, లెక్క సరిచూసి, అప్పుడే అప్పజెప్పాలని. అది నేనే టైపు కాపీ తీశాను, నాకు తట్టలేదు. అమ్మ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. "ఆ చివరిది ఇంకోసారి" అంది. మలారం తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఇరవై తొమ్మిదిన ముప్ఫై ఎనిమిది మందీ వచ్చారు. కార్డుకి రెండు చొప్పున డెబ్బై ఆరు పుస్తకాలు. రూలు ప్రకారం, సంతకాలు పెట్టి. సుబ్బారావు గారు తలెత్తకుండా రాస్తూనే ఉన్నారు. అమ్మ పక్కన కూర్చుని దారాలు కట్టింది.

సోమవారం పుస్తకాల కోసం వ్యాను వచ్చింది. లెక్క కలవలేదు. డ్రైవరు మా షాపు ముందు టీ తాగి ఖాళీ వ్యానుతో వెళ్ళిపోయాడు. సుబ్బారావు గారు లిస్టు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళొస్తున్నారు. అందరిదీ ఒకటే జవాబు, "చదువుతున్నామండి." ముప్ఫయ్యో తారీకు దాటింది కదమ్మా అంటే "పెద్ద పుస్తకమండి" అంటున్నారట. ఆయన అది కూడా ఉన్నదున్నట్టు పైకి రాసి పంపారు. జానీ బీ చేత తెప్పించమని ఫోనొచ్చింది. అమ్మ మోకాళ్ళ నొప్పులంది. నిజంగా నొప్పులే, కానీ పొద్దున్నే చర్చి వెనక సందు దాకా వెళ్ళొచ్చింది.

గెలిచామని రాయడం లేదు. సుబ్బారావు గారు బోర్డు లేని గదిలో కూర్చుంటున్నారు. ఎన్నాళ్ళు సాగుతుందో తెలియదు. మార్చి దాకా లాగితే కాయితంలో నలభై తొమ్మిది మంది సభ్యులుంటారు, అప్పుడు చూద్దాం అంటోంది అమ్మ. నాకైతే విసుగొస్తోంది. ఆవిడకి రావడం లేదు.

పాత రిజిస్టరులో నీదీ కనబడింది. 1999, ఏడో నంబరు కార్డు, ఎదురుగా "రాలేదు" అని ఉంది. ఇప్పుడది కూడా లిస్టులో ఉంది, డెబ్బై ఏడోది.

అక్కా, ఆ పుస్తకం తేవద్దు. బావగారి చేత పంపొద్దు. చీరల అడుగునే ఉండనీ. సగంలో ఆపేశానన్నావుగా, మెల్లగా చదువు.

షఫీక్